శంకరం కొండల మీద కాసేపు

సీతమ్మధారలో ఇంటికి చుట్టాలొస్తే తిప్పే వరస మీకు తెలియంది కాదు. మొదట సింహాచలం, ఆనక కైలాసగిరి, సాయంత్రం బీచి. రెండో రోజుకి చూపించడానికి ఏమీ మిగలదు. అప్పుడు నేను అనకాపల్లి దారి పట్టిస్తాను. ఎన్ఏడీ కొత్తరోడ్డు, గాజువాక, లంకెలపాలెం దాటుకుంటూ ఓ 40 కిలోమీటర్లు. అనకాపల్లి పక్కనే శంకరం అనే ఊరుంది. అక్కడ తూర్పున బొజ్జన్నకొండ, పడమట లింగాలకొండ. కొండలన్నది పేరుకే, మన సింహాచలం ముందు అవి గుట్టలు. కారు దిగగానే చుట్టాల మొహంలో "ఇందుకా తెచ్చారు" అన్న ప్రశ్న కనబడుతుంది. పట్టించుకోకండి, ముందు బొజ్జన్నకొండ మెట్లెక్కించండి.

రాయి మీద రాయి పేర్చి గుడి కడతారని కదా మనకి తెలుసు? ఇక్కడి బౌద్ధ ఆరామం చెక్కిన పనివాళ్లది తిరకాసు లెక్క. కొండలోంచి అక్కర్లేని రాయంతా తొలిచి పారేశారు. మిగిలిందే స్తంభం, మిగిలిందే స్తూపం. పెద్ద గుహలోకి అడుగుపెడితే 16 స్తంభాల మండపం. వాటిలో కొన్ని ఏనాడో విరిగిపోయినా కప్పు మాత్రం కదల్లేదు. కప్పూ స్తంభాలూ విడివిడిగా తెచ్చి నిలబెట్టినవైతే కదా! అంతా ఒకే బండ. నట్టనడుమ చదరపు పీఠం మీద స్తూపం, చుట్టూ ప్రదక్షిణకి దారి. తలెత్తి చూస్తే స్తూపానికి సరిగ్గా పైన, కప్పులోనే చెక్కిన గొడుగు. ఉలి ఒక్కసారి అదుపు తప్పితే సరిదిద్దే వీలే లేని పని ఇది. ఇటుక విరిగితే ఇంకోటి పెట్టుకోవచ్చు, కొండకి అతుకు వేయలేం.

అలాగని ఇటుక వాడలేదనుకునేరు. పైనున్న పెద్ద స్తూపం సగం రాయి, సగం ఇటుక. కొండనే గుండ్రంగా చెక్కి దానికి ఇటుక తొడుగు వేశారు. చుట్టుపక్కల భిక్షువుల గదుల గోడలూ ఇటుకవే. కిందనేమో పిల్లల్ని కాచే తల్లి హారీతి బొమ్మ ఉంది.

ఇదంతా ఇంచుమించు 4వ శతాబ్దం నుంచి 9వ శతాబ్దం దాకా సాగిన ముచ్చట. ఆ కాలంలోనే ఎక్కడో ఐర్లండులో, సముద్రం మధ్య స్కెలిగ్ మైకేల్ అనే రాతి దీవి మీద క్రైస్తవ సన్యాసులు సున్నం చుక్క లేకుండా రాళ్లు పేర్చి గుండ్రటి గుడిసెలు కట్టుకున్నారు. వాళ్లది పేర్చే విద్య, మనవాళ్లది తొలిచే విద్య. ఊరికి దూరంగా రాతిలో ఒదిగి కూర్చోవాలన్న కోరిక మాత్రం ఇద్దరిదీ ఒకటే.

1907–08 ప్రాంతంలో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వించారు. అప్పుడు బయటపడ్డ నాణేల్లో సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి. ఆయన దక్షిణాది దండయాత్రలో ఓడించిన రాజ్యాల జాబితా అలహాబాదు స్తంభం మీద ఉంది. అందులోని దేవరాష్ట్రం ఇక్కడికి దగ్గర్లోని ఎలమంచిలి ప్రాంతమేనని చాలామంది చరిత్రకారుల మాట. ఆ నాణెం సైనికుడి మొలలో వచ్చిందో, వ్యాపారి మూటలో వచ్చిందో, యాత్రికుడి కానుకో! నా ఓటు వ్యాపారికే. వేంగి చాళుక్యుడు కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు కూడా దొరికాయి.

ఇక్కడో కష్టమైన మాట చెప్పాలి. ఏటా కనుమ నాడు చుట్టుపక్కల జనం కొండెక్కి, బొజ్జలా ఉబ్బిన ఓ దిబ్బని రాక్షసుడనుకుని రాళ్లు రువ్వేవారు. ఆ దెబ్బలకి కట్టడం దెబ్బతింది. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ వాళ్లు గొంతెత్తాకే దానికి అడ్డుకట్ట పడింది. ఆ ఊళ్లవాళ్లని తిట్టబుద్ధి కాదు నాకు. భిక్షువులు వెళ్లిపోయి వెయ్యేళ్లు దాటింది, వాళ్ల సంగతి చెప్పేవాళ్లు లేరు. ఖాళీగా ఉన్న కొండకి జనం తమకి తోచిన కథ తగిలించారు. నా కోపమల్లా పాత గోడ కనబడితే చాలు తాళంచెవితో పేర్లు గీకే చదువుకున్న కుర్రాళ్ల మీద.

చాలామంది బొజ్జన్నకొండ దిగగానే బెల్లం కొనాలని ఊళ్లోకి పరిగెడతారు. ఆగండి. లింగాలకొండ ఎక్కకుండా వచ్చేస్తే సగం చూసినట్టే. అక్కడ గట్టు పొడవునా చిన్నవీ పెద్దవీ రాతి స్తూపాలు వరసలు తీరి ఉంటాయి. ఒక్కొక్కటీ కొండలోంచి విడదీయకుండా చెక్కిందే. ఎండెక్కితే రాయి కాలుతుంది, పొద్దున్నే వెళ్లండి. బెల్లానికేం, మన సీతమ్మధార రైతుబజారులో కొనుక్కోవచ్చు.