నాన్న బెల్‌బాటం

మేం ఢిల్లీలో మయూర్ విహార్ ఫేజ్ వన్‌కి వచ్చింది 1986లో. అప్పటికే నాన్న బెల్‌బాటం మానేసి సఫారీ సూటులోకి మారిపోయాడు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో నడివయసు గుమాస్తాలందరూ అప్పట్లో అదే దారి. ప్రభుత్వ సంస్థ డీడీఏ కట్టిన ఫ్లాట్లకి ఇంకా కొత్త సున్నం వాసన పోలేదు. యమున వైపు చూస్తే పాలకూర, ముల్లంగి పొలాలే. బట్టలు కావాలంటే నది దాటి వెళ్లాలి. కరోల్ బాగ్, లాజ్‌పత్ నగర్, సరోజినీ నగర్ – ఏడాదికి రెండుసార్లు, దసరాకీ చలికాలానికీ.

మిగతా రోజులకి ట్రంకు పెట్టె ఉండేది. దాని అడుగున, కలరా ఉండల మధ్య, కాఫీ రంగు టెరీకాట్ ప్యాంటు ఒకటి మడతపెట్టి ఉండేది. నాన్న పెళ్లప్పుడు, 1975లో, బెజవాడలో కుట్టించుకున్నది. కాలి దగ్గర చుట్టుకొలత 26 అంగుళాలు. బూట్లు కనపడేవి కావు. కృష్ణ సినిమాలు చూసే కుట్టించాడని అమ్మ అనేది. "అప్పట్లో దర్జీలు అలాగే కుట్టేవారు, నేనేం అడగలేదు" అనేవాడు నాన్న, పేపర్లోంచి తల ఎత్తకుండా.

1989లో అన్నయ్యకి ఎదిగే వయసు. కాళ్లు పొడుగయ్యాయి, ప్యాంట్లు చీలమండ పైకి పోయాయి. జేబులో డబ్బు లేదు. అమ్మ పెట్టె తెరిచింది. ముగ్గురం త్రిలోక్‌పురిలో ఒక మాస్టర్‌జీ దగ్గరికి నడిచివెళ్లాం. ఎమర్జెన్సీలో, 1976లో, ఊరి నడిమి బస్తీలు కూల్చి జనాన్ని తెచ్చి పడేసిన కాలనీ అది. ఆయనా అలా వచ్చినవాడే. రేకు కప్పు కింద ఉషా మిషను, గోడకి కొలత టేపు, నోట్లో గుండుసూదులు. "మోహరీ కిత్నీ?" అన్నాడు. కాలి దగ్గర చుట్టుకొలత ఎంత అని. అమ్మ గుంటూరు హిందీలో "చౌదా" అంది. పద్నాలుగు. ఇరవయ్యారు నుంచి పద్నాలుగుకి.

ఆయన లోపలికి మడిచి కుట్టి వదిలేయలేదు. మోకాలి నుంచి కిందికి సుద్దతో గీత గీసి కత్తెర పెట్టాడు. త్రికోణం ముక్కలు రాలాయి. అమ్మ వాటినీ వదల్లేదు, మసిగుడ్డలకి పనికొస్తాయని పొట్లం కట్టించుకుంది. ఇంటికొచ్చి పాలగిన్నె దించబోతే ఒక ముక్క కరిగి గిన్నెకి అతుక్కుంది. టెరీకాట్‌లో సగానికి పైగా పాలియెస్టరే కదా. "నీ పెళ్లి ప్యాంటు అన్నం కుండకి కూడా అక్కరకి రాలేదు" అని నాన్నని వారం రోజులు సాధించింది.

ఆ ఏడాది డిసెంబరు ఆఖర్లో 'మైనే ప్యార్ కియా' వచ్చింది. అందులోని ఫ్రెండ్ అని రాసిన టోపీ మా కాలనీ మార్కెట్లో ప్రతి రెండో కుర్రాడి తల మీదా ఉండేది. అన్నయ్యకి టోపీ లేదు, కాఫీ రంగు ప్యాంటు మాత్రం ఉంది. కొలతకి కుట్టిన జీన్స్ కావాలంటే బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లో మోహన్ సింగ్ ప్లేస్‌కి వెళ్లాలి. ఒకసారి వెళ్లాం కూడా. నాన్న పైన ఇండియన్ కాఫీ హౌస్‌లో కూర్చున్నాడు, మేం కింద నీలం గుడ్డ థాన్లు తడిమి, ధర విని పైకెక్కాం.

చలికాలం సంగతి వేరు. గుంటూరు జిల్లా నుంచి వచ్చినవాళ్లకి స్వెట్టరు అంటే ఏమిటో తెలియదు. మొదటి డిసెంబరులో అమ్మ దుప్పటి కప్పుకుని వంట చేసింది. పక్కింటి పంజాబీ ఆంటీ చూసి నవ్వి, రెండు సూదులు, ఒక ఊలు ఉండ చేతికిచ్చింది. మార్చి నాటికి అమ్మకి అల్లిక వచ్చేసింది. అసలు విద్య విప్పడంలో ఉందని నాకు తర్వాత తెలిసింది. అన్నయ్య స్వెట్టరు బిగుతయితే మెడ దగ్గర ముడి వెతికి దారం లాగేది. నేను మోచేతులు చాచి నిలబడితే నా చేతులకే చుట్టేది. విప్పిన ఊలు నూడుల్స్‌లా వంకర్లు తిరిగి ఉంటుంది. మరిగే కెటిల్ మూతి మీద ఆవిరి పట్టిస్తే చక్కగా సాగుతుంది. దాంతో నాకు అల్లేది. చాలకపోతే నడుము దగ్గర వేరే రంగు పట్టీ. అన్నీ "ఎదిగే పిల్లాడు" కొలతలే. అందులో ఇంకొకడు దూరొచ్చు. మెరూన్ మీద ఆవపచ్చ పట్టీ ఉన్న ఆ స్వెట్టరు తొడుక్కుని బస్టాపులో నిలబడటానికి నాకు సిగ్గేసేది. లూథియానా మిషను స్వెట్టర్లు వేసుకున్నవాళ్లు నా కళ్లకి రాజకుమారుల్లా కనిపించేవారు.

కాఫీ రంగు ప్యాంటు 1992లో నా వంతుకొచ్చింది. రెండేళ్లు తొడుక్కున్నాను. 1994లో 'ప్రేమికుడు' వచ్చింది. ఢిల్లీలో అది 'హమ్ సే హై ముకాబ్లా'. ప్రభుదేవా ప్యాంటులో గాలి ఆడుతుంటే మా క్లాసంతా వెర్రెత్తిపోయింది. అంతా బ్యాగీలే. ఐదేళ్ల కిందట కత్తెర పడకుండా ఉంటే నా దగ్గర అంతకు మించిన వెడల్పు ఉండేది. పద్నాలుగు అంగుళాల మోహరీలో కాళ్లు ఇరికించుకుని నేను 'ముకాబ్లా' ఆడబోతే తొడ దగ్గర కుట్టు పోయింది.

ఆ వారమే బర్తన్‌వాలీ, పాత బట్టలకి గిన్నెలిచ్చే ఆవిడ, వచ్చింది. నెత్తిన స్టీలు సామాన్ల బుట్ట, భుజాన బట్టల మూట, గుజరాతీ యాసలో కేక. అమ్మ మూడు చీరలు, ఆ ప్యాంటు, రెండు చొక్కాలు ముందు పడేసింది. ఆవిడ ప్యాంటు వెలుతురుకి పట్టి మోకాళ్లు చూసింది, జిప్పు లాగి చూసింది, పెదవి విరిచింది. గంటసేపు బేరం. చివరికి మూత ఉన్న డబ్బా ఒకటి వచ్చింది. మా ఊళ్లో కూడా పాత జరీ చీరలు కొంటామని కేకేసేవారు, జరీ కాల్చి వెండి తీసుకోవడానికి. ఇక్కడ మాత్రం గుడ్డ గుడ్డగానే వెళ్లేది. ఎక్కడికని నేను అప్పుడు అడగలేదు. ఆ బట్టలు పడమటి ఢిల్లీలో రఘుబీర్ నగర్ చేరతాయనీ, తెల్లారకముందే అక్కడ సంత మొదలవుతుందనీ పెద్దయ్యాక తెలుసుకున్నాను. బాగున్నవి ఉతికి, ఇస్త్రీ పట్టి, ఆదివారం సంతల్లో మళ్లీ అమ్ముతారు. పనికిరాని ఊలుబట్టలు పానిపట్‌లో దారంగా మారి దుప్పట్లవుతాయి. వింటేజ్ అనే మాట మన చెవిన పడకముందే ఆ ఆడవాళ్లు నెత్తి మీద పెట్టుకుని ఆ వ్యాపారం నడిపారు. ఫోనులో నాలుగు ఫోటోలు పెట్టి పాత చొక్కా అమ్మేవాళ్లకి దొరికే మర్యాద వాళ్లకి దొరకలేదు. ఇది నాకు కోపం తెప్పించే సంగతి.

ఇప్పుడు మా మేనకోడలు చేసేది థ్రిఫ్టింగ్, అంటే పాత బట్టలు వెతికి మళ్లీ తొడుక్కోవడం. పోయిన డిసెంబరులో అమ్మమ్మని చూడటానికి వచ్చి బీరువా అంతా కిందికి దించింది. గార్డెన్ వరేలీ ప్రింటు చీర ఒకటి దొరికితే గంతులేసి, చొక్కాలా కుట్టించుకుంటానంది. నా మెరూన్ స్వెట్టరు తనే తొడుక్కుంది. చేతులు మడవక్కర్లేదు, సరిగ్గా సరిపోయింది. తర్వాత పెళ్లి ఫోటో చూసి ఆగిపోయింది.

"మామయ్యా, తాతయ్య బెల్‌బాటం ఏదీ?"

నేను వంటింట్లోకి వెళ్లి డబ్బా తెచ్చి చూపించాను. అందులో మెంతులు ఉన్నాయి.

నాన్న పేపరు దించాడు. ఆయనకిప్పుడు డెబ్భై ఎనిమిది. "ఇరవయ్యారు అంగుళాలు" అన్నాడు, ఎవరూ అడగకుండానే. మేనకోడలు ఫోనులో తను కొన్న ప్యాంటు చూపించింది. కొత్తదే, పాతదానిలా కుట్టినది. కాలి దగ్గర కొలిస్తే ఇరవై రెండు. నాన్న ముఖంలో గెలుపు.

మీ ఇంట్లోనూ పెట్టె అడుగున అలాంటి ప్యాంటు ఉంటే, అబ్బాయికి సరిచేయించాలనుకుంటే చేయించండి, తప్పులేదు. మడిచి లోపలికి కుట్టమనండి. దర్జీ కత్తెర తీస్తే మాత్రం చెయ్యి పట్టుకోండి.