మా మనుమరాలి జడ

పిల్లలూ! మీ దువ్వెనకు చిక్కుకున్న వెంట్రుక ఒకటి తీసుకోండి. కుదురు వైపు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేళ్ళతో కుదురునుంచి కొసదాకా నెమ్మదిగా దూయండి. నున్నగా జారిపోతుంది. ఇప్పుడు కొసనుంచి కుదురుకు ఎదురు దూసి చూడండి. వేలికి ఏదో తగులుతున్నట్టు గరుకుగా వుంటుంది. ఎందుకంటారు?

మన ఊళ్ళలో గూనపెంకుటిళ్ళు మీరు చూసే వుంటారు. పైపెంకు కిందిపెంకును సగం కప్పుతూ, అన్నీ ఒకే దిక్కుకు వాలి వుంటాయి. వెంట్రుక ఒంటినిండా అలాంటి పెంకులే వున్నాయి, కంటికి కనబడనంత చిన్నవి. వాటి అంచులు కొసవైపు తిరిగి వుంటాయి. పెంకులు సరిగా పరుచుకుని వుంటే జుట్టు మెరుస్తుంది. అవి లేచిపోతే ఒక వెంట్రుక ఇంకొక వెంట్రుకను పట్టుకుని చిక్కుపడుతుంది. ఇంటిమీద పెంకు ఊడితే వాన లోపలికి వస్తుంది కదా! ఇక్కడా అంతే; లోపలి పోగులు బయటపడి పుటుక్కున తెగుతాయి.

ఏడాదికి పైగా మా ఇంట్లో ఈ పెంకుల గొడవే నడుస్తున్నది. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసి, నేను సుల్తానాబాదులో వుంటున్నాను. కరీంనగరుకూ పెద్దపల్లికీ నడుమ, బియ్యం మిల్లులు ఎక్కువగా వుండే ఊరు మాది. 2016 వరకు కరీంనగరు జిల్లా, ఇప్పుడు పెద్దపల్లి జిల్లా. మా మనుమరాలు ఇంటరు చదువుతూ, ఒక పెళ్ళికి ముందు నగరంలో ఏదో పార్లరుకు వెళ్ళింది. ముందు జుట్టు నలుపు తీసి గోధుమరంగు వేయించుకున్నది. పదిరోజులు కాకముందే మందు పూయించి, కాలే ఇస్త్రీ పట్టకారుతో నిటారుగా చేయించుకున్నది. పెళ్ళిలో అందరూ మెచ్చుకున్నారు. నేనూ చూశాను, బాగానే వున్నది.

నెల తిరగకముందే దువ్వితే చాలు, దువ్వెననిండా తునకలు. కుదురుతో రాలిన వెంట్రుకలు కావవి, నడిమికి తెగినవి. తలకు చున్నీ చుట్టుకుని, నాలుగు రోజులు కాలేజీకి వెళ్ళలేదు.

మా అమ్మాయి, అంటే దాని తల్లి, నాతో అన్నది: "బాపూ, వేములవాడ రాజన్నకు గుండు ఒప్పుకుందాం. పాతదంతా పోయి ఒత్తుగ మొలుస్తది." ఆ మాట వినగానే పిల్ల గదిలోకి పోయి గడియ వేసుకున్నది.

మొక్కు సంగతి వేరు. అది భక్తులకూ దేవుడికీ మధ్య మాట; అందులో నేను వేలు పెట్టను. కాని గుండు చేయిస్తే ఒత్తుగా మొలుస్తుందనడం మాత్రం సరికాదు. వెంట్రుక పుట్టేది చర్మం లోపలి కుదురులో. మంగలి కత్తి అక్కడికి పోదు. తలమీద సుమారు లక్ష వెంట్రుకలు వుంటాయి; గీయించినా లక్షే, గీయించకున్నా లక్షే. కత్తితో తెగిన కొస మొద్దుగా వుంటుంది గనుక చేతికి బిరుసుగా తగులుతుంది. అంతే.

తలుపు దగ్గర నిలబడి ఈ మాటే చెప్పాను. "బిడ్డా, మందు తగిలింది ప్రాణం లేని వెంట్రుకకు. దాన్ని మళ్ళీ బాగుచేసే మందు లోకంలో లేదు. కుదురు మాత్రం బాగానే వున్నది, నెలకు ఒక సెంటీమీటరు చొప్పున కొత్తది పంపుతనే వుంటది." కాసేపటికి తలుపు తెరిచింది. ఇద్దరం కాగితం ముందు వేసుకున్నాం.

బాగా పీచైన కొసలు కత్తిరిస్తే పాడైన జుట్టు 30 సెంటీమీటర్లు మిగులుతుంది. మూడు నెలలకు 3 సెంటీమీటర్లు పెరుగుతుంది. మూడు నెలలకొకసారి 2 సెంటీమీటర్లు కత్తిరిస్తూ పోతే జడ పొట్టి కాదు, కాస్త పెరుగుతుంది కూడా. అయితే పాతదంతా పోవడానికి ఎన్నాళ్ళు? మీరూ లెక్క వేయండి. 45 నెలలు! "నాలుగేండ్లా తాతా? డిగ్రీ కూడా అయిపోతది" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. గుండు ఒక పూటలో పని, ఇది నాలుగేళ్ళ పని. ఏది కావాలో అదే తేల్చుకోవాలి గాని మేము కాదు. రెండు రోజులు ఆలోచించుకుని, "పెంచుకుంటా" అన్నది. వాళ్ళమ్మకు మనసు ఒప్పలేదు, ఇప్పటికీ అప్పుడప్పుడు ఎత్తిపొడుస్తుంది.

ఈ 45 నెలలూ పాత జుట్టు తెగకుండా కాపాడుకోవాలి గదా! ముందు నీళ్ళ సంగతి చూశాం. రెండు సీసాలు తీసుకుని, ఒకదానిలో వాననీళ్ళు, ఒకదానిలో మా బోరు నీళ్ళు పోసి, సబ్బు తురుము చిటికెడేసి వేసి కుదిపాం. వాననీళ్ళలో నురుగు పొంగింది. బోరు నీళ్ళలో నురుగుకు బదులు తెల్లని తెట్టు తేలింది. నీళ్ళలోని సున్నపు లవణాలు సబ్బుతో కలిసి చేసే తెట్టు అది. తలకు సబ్బు రాస్తే అదే జుట్టుకు పడుతుంది. పైగా సబ్బుకు క్షారగుణం వున్నది. క్షారం తగిలితే వెంట్రుక ఉబ్బి పెంకులు లేస్తాయి. అందుచేత తలకు సబ్బు మానేశాం.

ఆదివారంనాడు కుంకుడుకాయ. గింజ తీసి, తొక్కును రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, వడగట్టాలి. కుంకుడుకాయలో సపోనిన్లనే పదార్థాలున్నాయి, నురుగు వాటిదే. మా అమ్మ ఆ రసంలో కాస్త గంజి కలిపేది, మేమూ కలుపుతున్నాం. చెట్టుకు కాసింది గనుక హాని చేయదనుకునేరు! కంటిలో పడితే ఎట్లా మండుతుందో మీకు తెలియనిది కాదు. చిక్కటి రసం పోస్తే జుట్టు కూడా ఎండిపోతుంది. పలచగానే పోయాలి.

నడుమ ఒకరోజు శాంపూ. శాంపూలన్నీ చెడ్డవని నేననను, చెంబెడు నీళ్ళలో కలిపి పోసుకుంటే సరి. మరో సంగతి, శాంపూ అనే మాట మన దేశంనుంచి పోయిందే! చంపీ అంటే తల మర్దనా. పాట్నాలో 1759లో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో స్నానశాల పెట్టి, దొరలకు ఈ మర్దనా అలవాటు చేశాడు. తరువాత ఆ పేరు సీసాలోకి ఎక్కింది.

తలకు పోసుకునే ముందు కొబ్బరినూనె రాస్తుంది. ఆ నూనె వెంట్రుక లోపలికి ఇంకి, మాంసకృత్తు కరిగిపోకుండా కొంత ఆపుతుందని 2003లో ముంబయి పరిశోధకులు ప్రకటించారు. వాళ్ళు నూనె అమ్మే కంపెనీవాళ్ళేనన్నదీ మనం గుర్తుంచుకోవాలి. అయినా మా ఇంట్లో చూసినంతవరకు పాత కొసలు తెగడం తగ్గింది.

తడిజుట్టును తువ్వాలుతో రుద్దదు, అద్దుతుంది. తడిసిన వెంట్రుక రబ్బరులా సాగి, త్వరగా దెబ్బతింటుంది. వెడల్పు పళ్ళ దువ్వెనతో ముందు కొసల చిక్కు తీసి, ఆపైన మెల్లగా మీదికి వస్తుంది. ఇస్త్రీ పట్టకారు అటకెక్కింది. నిటారుగా చేసే కొన్ని మందులు వేడికి ఫార్మాల్డిహైడ్ అనే వాయువును వదులుతాయని చెప్పినప్పుడు పిల్ల ముక్కు మూసుకున్నది. బడి ప్రయోగశాలలో కప్పను సీసాలో నిలవ వుంచే ఫార్మలిన్ ఆ వాయువు కలిపిన నీళ్ళే మరి.

నెల మొదటి తారీఖున నా స్కేలు తీసుకుపోయి కొలిచి, నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఇది 16వ నెల, అయిదుసార్లు కత్తిరింపు అయింది. నల్లనిది 16 సెంటీమీటర్లు, గోధుమరంగుది 20. నలుపూ గోధుమా కలిసే చోటే ఎక్కువ తెగుతున్నదని తానే కనిపెట్టింది. "వచ్చే నెల ఒక్కసారే అయిదు సెంటీమీటర్లు తీయిస్త తాతా" అంటున్నది. సరే, లెక్క మళ్ళీ మొదటినుంచి వేయాలి.