తడి పైకి కనబడాలి

తెనాలిలో మా అబ్బాజాన్ వాడిన 1984 నాటి అంబాసిడర్‌ను ఈ మధ్య అమ్మాము. 2014లో ఉత్తరపారా కర్మాగారంలో వాటి తయారీ ఆగిపోయింది. అసలు భాగాలతో మిగిలిన కారును అపురూపంగా చూసేవారున్నారు. బాపట్ల నుంచి వచ్చిన సోదరుడు స్టీరింగ్ పక్కనున్న గేరు, చెక్కుచెదరని సీట్లు చూసి మురిసిపోయి, “అంతా కంపెనీదేనా, మౌల్వీ సాహెబ్?” అని అడిగారు. ఎడమ తలుపుకు రేపల్లెలో మళ్లీ రంగు వేయించామని, కార్బురేటర్ మార్చామని చెప్పాను. ధర తగ్గింది. మా అబ్బాయి చిన్నబుచ్చుకున్నాడు.

ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున దాగిన తడిని కనిపెట్టిన దైవప్రవక్త (సల్లం), దానిని జనానికి కనబడేలా పైన ఉంచవలసిందని వర్తకుణ్ణి మందలించిన సంగతి వాడికి గుర్తుచేశాను. దాచిన లోపం బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కు కొన్నవారికి ఉంది. ఫిఖ్‌హ్‌లో దానిని ‘ఖియారె ఐబ్’ అంటారు.

ఇంట్లో పాత వస్తువు ఏది అమ్మినా, పిల్లల ఎదుటే దాని లోపం చెప్పండి. తగ్గిన సొమ్ములో బర్కత్ ప్రసాదించేవాడు అల్లాహ్.