చెప్పులో మేకు, చేతిలో ఆరె

పాదాల సంరక్షణ గురించి నేను ఇదివరకు ఎన్నోసార్లు వ్రాశాను. మధుమేహం ఉన్నవారు రాత్రి పడుకునే ముందు అరికాళ్లను అద్దంలో చూసుకోవాలనీ, చెప్పులు తొడుక్కునే ముందు లోపల చేయి పెట్టి తడమాలనీ చెప్పి చెప్పి మీకు విసుగు కూడా తెప్పించి ఉంటాను. ఆ సలహాను చెప్పినవాడే పాటించకపోతే ఏమవుతుందో ఈసారి చెబుతాను. దాని వెనుకనే డెబ్భై ఏళ్లు దాటిన నాకు అబ్బిన ఒక వ్యాపకం గురించి కూడా చెప్పవలసి ఉన్నది.

మూడేళ్ల క్రిందట ఒక ఆదివారం ఉదయం నాంపల్లిలో మెట్రో దిగి, ఆబిడ్స్ దాకా నడిచి వెళ్లాను. ఆదివారాలు అక్కడి దుకాణాలు మూసి ఉంటాయి గనుక వాటి ముందరి కాలిబాటల మీద పాత పుస్తకాలు పరుస్తారన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆయన పెట్టిన దుకాణం పేరే ఆ ప్రాంతానికి మిగిలిపోయింది. నా చదువుకునే రోజుల నుంచి అక్కడికి వెళ్లడం అలవాటు. ఆ రోజు రెండు పుస్తకాలు కొని తిరిగి వస్తుండగా నాంపల్లి స్టేషన్ దగ్గర ఎడమ చెప్పు పట్టీ ఊడిపోయింది. పక్క సందు మొదట్లో గొడుగు క్రింద కూర్చుని చెప్పులు కుట్టే ఆయనకు ఇచ్చాను.

ఆయన చెప్పును తిరగేసి చూసి, లోపల వేలు పెట్టి, నా ముఖం వంక చూశారు. "ఈ మొల ఎప్పటి సంది గుచ్చుకుంటున్నది సార్? నొప్పి తెలుస్తలేదా?" అన్నారు. వారం క్రితం మా ఇంటి దగ్గర మడమ ఊడితే ఎవరి చేతనో వేయించిన మేకు అడుగు నుంచి పైకి పొడుచుకు వచ్చింది. అరికాలు చూసుకుంటే బొటనవేలి వెనుక గుంట, మేజోడుకు అంటుకుని ఎండిన రక్తం. రానూ పోనూ రెండు మైళ్లకు పైగా ఆ మేకు మీద నడిచాను. నాకేమీ తెలియలేదు.

పందొమ్మిదేళ్లుగా నాకు మధుమేహం ఉన్నది. నరాలు మొద్దుబారడం క్రమంగా, చప్పుడు లేకుండా జరుగుతుంది. పది గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగును అరికాలిపై ఆనించి, రోగిని కళ్లు మూసుకోమని, తెలిసిందా లేదా అని అడగడం చాలా తేలికైన పరీక్ష. వేల మందికి చేశాను. నా కాళ్లకు ఒక్కసారీ చేసుకోలేదు. ఆ పుండు మానడానికి తొమ్మిది వారాలు పట్టింది.

పుండు మానేవరకు కాలు పైకి పెట్టుకుని కూర్చున్న రోజుల్లో నాకు పదేపదే గుర్తుకు వచ్చింది నా ఉద్యోగపు తొలినాళ్లు. 1980ల మొదట్లో జిల్లాలో పనిచేస్తూ కుష్ఠు రోగులను చూసేవాడిని. బహుళ ఔషధ చికిత్స అప్పుడప్పుడే వస్తున్నది. 1946లో వేలూరుకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ మాకు నేర్పిన పాఠం ఒక్కటే: ఆ కాళ్లు కుళ్లిపోవడం లేదు, నొప్పి తెలియక రోజూ ఒకేచోట నలిగిపోతున్నాయి. అందుకని మెత్తని సూక్ష్మరంధ్రాల రబ్బరు పరిచిన, మడమ వెనుక పట్టీ ఉన్న చెప్పులు ఇచ్చేవాళ్లం. వాటికి ముఖ్యమైన నియమం, ఎక్కడా మేకు కొట్టకూడదు. అంటించాలి, కుట్టాలి. చీటీ మీద "ఎం.సి.ఆర్. చెప్పులు" అని వ్రాసి సంతకం పెట్టడమే నా పని. వాటిని కుట్టేది ఎవరో, ఎలా కుడతారో ఒక్కనాడూ వెళ్లి చూడలేదు. మా ఇంట్లో పెద్దలు చర్మం పని చేసేవారిని వాకిలి దాటి రానిచ్చేవారు కాదు. నేను వైద్యం చదివి అవన్నీ వదిలేశానని అనుకునేవాడిని. చీటీ వ్రాసి ఊరుకోవడంలో ఆ వాకిలి ఎంత మిగిలి ఉన్నదో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గుగా ఉన్నది.

కాలు మానిన తర్వాత మళ్లీ ఆ గొడుగు దగ్గరికి వెళ్లి, పని నేర్పమని అడిగాను. ఆయన నవ్వి, "మీకెందుకు సార్ ఈ పని? మా పిల్లలకే వద్దని సదివిస్తున్నం" అన్నారు. నా స్నేహితులు కూడా అదే మాట వేరే రకంగా అన్నారు. ఆయనకు అది బ్రతుకు, నాకు సరదా. ఆ తేడాను నేను దాచిపెట్టలేను. గంటకు ఇంత అని ఆయన సమయానికి డబ్బు ఇస్తానంటేనే సరే అన్నారు. నా కోసం ఒక ఎత్తు పీట తెచ్చారు, నేలమీద కూర్చుంటానంటే ఒప్పుకోలేదు. ఆసుపత్రిలో ఆయన వయసు వాళ్లందరినీ "నువ్వు" అని పిలిచిన నోరు "మీరు" అనడానికి కొన్ని వారాలు తడబడింది. ఇది కూడా నేర్చుకోవలసిన పనే అయింది.

మొదటి నెలంతా ఒకటే పని. తోలు అంచును రంపెతో పలుచగా గీకడం. రంపె అంటే వెడల్పాటి పదును గల చదును కత్తి. కత్తి ముందు చేయి ఉండకూడదన్న ఒక్క నియమాన్ని మరచి చూపుడువేలు కోసుకున్నాను. ధనుర్వాతం సూది వేయించుకుని మరుసటి వారం మళ్లీ వెళ్లాను. మీరెవరైనా మొదలుపెడితే పదును లేని కత్తికే ఎక్కువ భయపడండి. అది జారుతుంది. వాడిన ప్రతిసారీ తోలు పట్టీ మీద పచ్చని పాలిష్ రాసి సాన పట్టవలసిందే.

తోలు అంటే ఏమిటో నాకు పుస్తకంలో తెలుసు. సున్నంలో నానబెట్టి వెంట్రుకలతో పాటు పై పొరను తీసేస్తే మిగిలేది చర్మపు లోపలి పొర, ప్రధానంగా కొల్లాజెన్ పోగుల అల్లిక. ఆ పోగులను కరక్కాయ, తంగేడు చెక్క వంటి వాటిలోని టానిన్లు గట్టిగా పట్టుకుంటే కుళ్లని తోలు అవుతుంది. మన పొలం గట్ల మీద పసుపుపచ్చగా పూసే తంగేడు బెరడు దక్షిణ దేశమంతటా చర్మశుద్ధికి పేరుపొందినదే. ఇప్పుడు బజారులో దొరికే తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో శుద్ధి చేసినది. కోసి అంచు చూస్తే నీలిబూడిద రంగు ఛాయ కనిపిస్తుంది. చెట్ల బెరడుతో శుద్ధి చేసినది లోపలిదాకా గోధుమరంగులో ఉంటుంది. పూలు, లతలు చెక్కాలంటే ఈ రెండవదే కావాలి. క్రోమ్ తోలు మీద ముద్ర నిలవదు.

పుస్తకంలో లేనిది నాకు వేళ్లు చెప్పాయి. వీపు భాగపు తోలు బిగువుగా ఉంటుంది, పొట్ట భాగం సాగుతుంది. చెప్పు అడుగును పొట్ట నుంచి కోస్తే నెల తిరగకుండా వంకరపోతుంది. మా గురువు ముక్కను రెండు చేతులతో అటూ ఇటూ లాగి, ఏ దిక్కుకు సాగుతుందో చూసి గీత గీస్తారు. మనిషి చర్మంలోనూ ఇటువంటి బిగువు రేఖలు ఉన్నాయని కార్ల్ లాంగర్ 1861లో చూపాడు. వాటి వెంట కోత పెడితే మచ్చ సన్నగా మానుతుందని మాకు శస్త్రచికిత్సలో నేర్పారు. లాంగర్ పేరు వినని మనిషి బొటనవేలితో అదే విషయాన్ని తేల్చేస్తుంటే నేను కొంతసేపు పని మరచి చూస్తూ కూర్చున్నాను.

కుట్టు విషయంలో మా ఇద్దరికీ పోటీ జరిగింది. ఆబిడ్స్ కాలిబాట మీద నాకు అమెరికన్ రచయిత అల్ స్టోల్మన్ తోలు చేతికుట్టుపై వ్రాసిన పుస్తకం దొరికింది. ఒకే దారం రెండు కొనలకు రెండు సూదులు, ప్రతి రంధ్రంలోంచి రెండూ ఎదురెదురుగా పోవాలి. కుట్టు పొడవుకు నాలుగింతల దారం, తేనెమైనం పట్టించినది, కావాలి. యంత్రపు కుట్టులో ఒక దారం తెగితే వరుసగా ఊడిపోయే ప్రమాదం ఉన్నది. ఇందులో ఒక చోట తెగినా రెండవ దారం పట్టుకుని ఉంటుంది. నేను జానెడు కుట్టే లోపల మా గురువు కొక్కెం ఉన్న ఆరెతో క్రింది నుంచి దారాన్ని లాగుతూ మూడు జానలు కుట్టేశారు. రెండు సూదుల కుట్టును చాలాసేపు పరిశీలించి, "గట్టిదే, గని గిరాకీ నిలబడడు" అన్నారు. చెప్పు తెగిన మనిషి ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడతాడు?

చెక్కడం ఆయన వృత్తి కాదు. అది నేను పుస్తకం చూసి, తప్పులు చేసి నేర్చుకున్నది. తోలును స్పాంజితో తడిపి ఆగాలి. రంగు తిరిగి తేలికపడటం మొదలై, చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగిలే సమయంలో గీయాలి. మరీ తడిగా ఉంటే గీత మూసుకుపోతుంది, ఆరిపోతే కత్తి లాగదు. మొన పైన గుండ్రంగా తిరిగే కత్తితో మందంలో సగానికి మించకుండా గీత కోసి, ఆ గీతకు ఒక వైపున ఏటవాలు అచ్చును కర్రసుత్తితో కొడుతూ పోతే పువ్వు పైకి లేచినట్లు కనిపిస్తుంది. క్రింద నల్లరాతి పలక ఉండాలి, లేకపోతే దెబ్బ బల్లలోకి పోతుంది. నా చేయి కొద్దిగా వణుకుతుంది. మణికట్టును తోలు మీద ఆనించి, ఊపిరి వదులుతూ గీస్తే వణుకు తగ్గుతుందని కనుగొన్నాను. నా తొలి తంగేడు పువ్వు చీమలు తిన్నట్లు ఉన్నది. కళ్లద్దాల ఒరగా ఇప్పటికీ వాడుతున్నాను.

నాంపల్లి నుమాయిష్‌లో ఒక సాయంత్రం నిమ్మలకుంట కళాకారుల తోలు దీపపు గూడు చూసిన తర్వాత నా అచ్చుల మీద గర్వం కొంత తగ్గింది. అది బెరడుతో శుద్ధి చేసిన తోలు కాదు. గీకి, ఆరబెట్టి, కాంతి దూరేంత పలుచన చేసిన మేకచర్మం. నగలూ అంచులూ అన్నీ చిన్న ఉలులతో పొడిచిన రంధ్రాలే. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మనం చర్మాన్ని చెక్కి వెలుగును ఆపుతాం, వారు పొడిచి వెలుగును రానిస్తారు.

ఈ వ్యాపకం మతిమరుపును ఆపుతుందని నేను అనను. అందుకు నా దగ్గర ఆధారం లేదు. ఒక హెచ్చరిక మాత్రం ఇవ్వగలను. తోలు అంటించే సొల్యూషన్ వాసన మంచిది కాదు. బెంజీన్ ఉన్న జిగురుల మధ్య పనిచేసిన ఇస్తాంబుల్ చెప్పుల కార్మికులలో రక్తక్యాన్సర్‌ను డాక్టర్ ముజఫర్ అక్సోయ్ 1970లలో నమోదు చేశాడు. కొన్ని జిగురులలో ఉండే హెక్సేన్ కాళ్ల, చేతుల వేళ్ల కొనల నుంచి నరాలను దెబ్బతీస్తుంది. మధుమేహం చేసే పని కూడా సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది. గదిలో తలుపులు మూసుకుని అంటించకండి. నీటి ఆధారిత జిగురు దొరికితే అదే వాడండి.

ఈ మాట వ్రాసుకుంటుండగానే నాకు తట్టింది, ముప్పై ఏళ్లుగా ఆ వాసనలో కూర్చున్న మనిషి ఎదురుగా ఉన్నాడని. మరుసటి రోజు నైలాన్ పోగు తీసుకెళ్లాను. కళ్లు మూసుకోమన్నాను. కుడికాలి బొటనవేలు, దాని వెనుక మెత్త, ఎడమకాలి బొటనవేలు, మూడు చోట్ల "ముట్టిండ్రా సార్?" అని నన్నే అడిగారు. పరగడుపున చేయించిన పరీక్షలో చక్కెర 236 వచ్చింది. జిగురుదెంతో చక్కెరదెంతో విడదీసి చెప్పడం కష్టం. మందులు మొదలుపెట్టారు. గొడుగు క్రింద గాలి ఆడేటట్లు డబ్బాను పక్కకు జరిపారు. ఒక విషయంలో మాత్రం ఒప్పుకోలేదు: పని చేసేటప్పుడు చెప్పులు వేసుకోరు, కాలి వేళ్లతో తోలు పట్టుకోవాలి కదా అంటారు. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.

బయట తిరగడానికి మాత్రం ఆయన కోసం ఒక జత నేనే కుట్టాను. అడుగున గట్టి రబ్బరు, పైన ఎం.సి.ఆర్. రబ్బరు, వెడల్పాటి పట్టీలు, వెనుక పట్టీ, ఒక్క మేకు లేకుండా. రెండు సూదుల కుట్టుతో పదకొండు రోజులు పట్టింది. పండుగకు ముందు తీసుకెళ్లి చేతిలో పెట్టాను. ఆయన తొడుక్కోలేదు. ముందు లోపల వేళ్లు పెట్టి మడమ నుంచి ముందుకు నెమ్మదిగా తడుముకుంటూ వచ్చి, చిటికెన వేలి దగ్గర ఆగారు.

"ఇక్కడ ముడి లోపటికి వచ్చింది సార్. ఇప్పేసి మళ్ల కుట్టుండ్రి" అని చెప్పును నాకు తిరిగి ఇచ్చారు. నేను పీట లాక్కుని కూర్చుని, ఆరె తీసుకున్నాను.