నిప్పు దగ్గర కూర్చునేవాడు



పోయిన నెలలో మా నాన్నగారి చేతి గడియారం ఆగిపోతే ఖమ్మం తీసుకెళ్ళాను. ఆదివారం ప్రసంగం మొదలుపెట్టే ముందు దాన్ని విప్పి బైబిలు పక్కన పెట్టుకోవడం నాకు అలవాటు. పెట్టుకుంటానే గాని చూడనని మీలో కొందరి ఫిర్యాదు. అది వేరే సంగతి.

రిపేరు చేసే పెద్దాయన బల్ల మీద ఒక పాతకాలపు జేబు గడియారం ఉంది. తెల్లటి డయలు మీద రెండు సన్నటి ముళ్ళు. ఒక పక్కనుంచి చూస్తే నల్లగా ఉన్నాయి, వెలుగు తగిలేలా కాస్త వంచితే నెమలి మెడలా నీలంగా మెరిశాయి. "ఎంత మంచి పెయింటు వేశారండీ" అన్నాను. ఆయన నవ్వి, "పెయింటు కాదు పాస్టర్ గారూ, అది నిప్పు పెట్టిన రంగు" అన్నాడు.

ఆ పని ఎలా చేస్తారో ఆయనే చెప్పాడు. ఉక్కు ముల్లును ముందు అద్దంలా మెరుగు పెడతారు. వేలిముద్ర పడినా, నూనె మరక ఉన్నా అక్కడ రంగు సరిగా రాదు. తర్వాత ఒక చిన్న పళ్ళెంలో ఇత్తడి రజను పోసి, దాని మీద ముల్లును ఉంచి, కింద స్పిరిట్ దీపం పెడతారు. రజను వల్ల వేడి అంతటా సమంగా అందుతుంది. కాసేపటికి ముల్లు ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత నేరేడు పండు రంగు. వేడి సుమారు 300 డిగ్రీలకు చేరేసరికి ఆ నీలం వస్తుంది. అప్పుడే తీసెయ్యాలి. కొద్ది క్షణాలు ఆలస్యమైతే నీలం వెలిసిపోయి బూడిద రంగవుతుంది.

అసలు అక్కడ రంగంటూ ఏమీ లేదు. వేడికి ఉక్కు మీద కంటికి కనిపించనంత పలుచని పొర కడుతుంది. పొర మందాన్ని బట్టి వెలుగు రంగు మారుతుంది. వాన పడ్డాక రోడ్డు మీది నీళ్ళలో నూనె చుక్క పడితే రంగులు కనిపిస్తాయి చూడండి, అలాంటిదే ఇదీ.

ఆయన చెబుతుంటే నాకు మన ఊళ్ళ కమ్మరి కొలిమి గుర్తొచ్చింది. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచిన గొడ్డలి అంచు గట్టిగా ఉంటుంది గాని పెళుసు. అలాగే వాడితే పెచ్చు లేస్తుంది. అందుకే రాతితో రుద్ది, మళ్ళీ సన్నగా వేడి చేస్తారు. అవే రంగులు ఒకదాని వెనక ఒకటి అంచు వైపు పాకుతాయి. డిగ్రీలు కొలిచే పరికరం ఏదీ ఉండదు. కమ్మరి కన్నే కొలత. ఆ కాసేపు ఎవరు పలకరించినా తలెత్తడు.

మలాకీ 3వ అధ్యాయంలో ప్రభువును వెండిని శుద్ధిచేసే కంసాలితో పోల్చిన మాట మీకు తెలుసు. ఆయన కూర్చుని ఆ పని చేస్తాడని అక్కడ ఉంది. ఎన్నోసార్లు ఆ వాక్యం మీద ప్రసంగించాను. నిప్పు గురించే చెప్పాను గాని, కూర్చోవడం గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మూడేళ్ళ క్రితం మన సంఘంలో ఒక యౌవనస్థుడు ప్రభువు కోసం ఎంతో ఆసక్తితో ఉండేవాడు. మూడు గూడేల్లో కూడికలు, పిల్లల సండేస్కూలు, రాత్రి ప్రార్థనలు అన్నీ అతని మీదే పెట్టాను. అలసిపోతున్నానని రెండుసార్లు చెప్పాడు. "శ్రమలు ఉంటేనే దేవుడు వాడుకుంటాడు తమ్ముడూ" అన్నాను. ఒక ఆదివారం నుంచి రావడం మానేశాడు. నేను వెళ్ళి కనుక్కోలేదు. పైగా వెనుదిరిగిన వారి గురించి ప్రసంగించాను. ఎవరి గురించో మీ అందరికీ అర్థమైంది. అతనికీ తెలిసింది.

ఆ నిప్పు దేవుడు పెట్టింది కాదు. నేను పెట్టింది. పెట్టి, దగ్గర కూర్చోకుండా వెళ్ళిపోయాను. దానియేలు 3వ అధ్యాయంలో ఆ అగ్నిగుండాన్ని మండించింది రాజు. ప్రభువు మాత్రం అందులోకి వచ్చి వారితో నడిచాడు. మనుషులకు వచ్చిన ప్రతి కష్టాన్నీ దేవుని చిత్తమని చెప్పేముందు, మండించింది ఎవరో మనం చూసుకోవాలి.

ఖమ్మంలో ఆ పెద్దాయనను ఇంకో మాట అడిగాను. "నీలం దాటిపోయిన ముల్లును పారేస్తారా?"

"ఎందుకు పారేస్తారు? పోయింది పైరంగే. రుద్ది, మళ్ళీ మెరుగు పెట్టి, మొదటినుంచి చేస్తారు. తప్పు ముల్లుది కాదు గదా పాస్టర్ గారూ, చూసుకోనివాడిది."

తిరుగు ప్రయాణంలో భద్రాచలం బస్సులో కూర్చున్నానే గాని ఆ మాట నన్ను వదల్లేదు. మధ్యలోనే దిగి అతని ఇంటికి వెళ్ళాను. వాళ్ళ అమ్మ టీ ఇచ్చింది. సంఘానికి రమ్మని నేను అడగలేదు. "తప్పు నాది తమ్ముడూ, క్షమించు" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను లేచేటప్పుడు బస్టాపు దాకా వచ్చాడు.

ఇప్పటికీ ఆదివారం రాలేదు. నేనే వెళ్తున్నాను. మీరు దారిలో కనబడితే, "ఎందుకు రావట్లేదు" అని దయచేసి అడగకండి. "ఎలా ఉన్నావు" అని అడగండి చాలు.

ప్రార్థన: ప్రభువా, మేము శ్రమలో ఉన్నప్పుడు నీ చూపు మా మీదనుంచి తొలగదని నమ్ముతున్నాము. మేము ఇతరులపై మోపిన బరువులను క్షమించు. వారి పక్కన కూర్చునే ఓపిక మాకు దయచేయుము. యేసు నామములో, ఆమేన్.

మీ సంఘకాపరి