బాకాలో ఊపిరి

మా వాడు చదువుకుంటూనే పాటలు కడుతుంటాడని మీకు ఇదివరకే చెప్పాను కదా! వాళ్ళక్క పెళ్ళికి తనే ఓ పాట చేస్తానన్నాడు. అందులో బ్యాండు మేళం మోగాలట. "అమ్మా, హార్న్స్ సాఫ్ట్‌వేర్ కొనాలి" అన్నాడు. అసలే రొయ్యల్లో నష్టపోయిన ఏడాది, పైగా పెళ్ళి ఖర్చులు. వాళ్ళ నాన్నగారి దాకా వెళ్ళేముందు, ముందు నాకు చెప్పరా అన్నాను.

ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సోఫోన్ వాయించేవాళ్ళ చేత ఒక్కో స్వరాన్నీ మెల్లగా, గట్టిగా, పొడుగ్గా, పొట్టిగా వాయించి రికార్డు చేస్తారట. మనం మీట నొక్కితే ఆ ముక్క పలుకుతుంది. జాడీల్లో పచ్చళ్ళు పెట్టుకున్నట్టన్నమాట!

కొన్నిటికి కాంటాక్ట్ అనే మరో సాఫ్ట్‌వేర్ పూర్తిగా కొనాలి. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ సెషన్ హార్న్స్‌కి ఉచితంగా వచ్చే కాంటాక్ట్ ప్లేయర్ చాలు. పెద్దవాటికి వాడి లాప్‌టాప్‌లో మెమరీ కూడా సరిపోదట.

నమూనాలు వినిపించాడు. ఒకదాంట్లో ఒకే స్వరం వరసగా వస్తుంటే కుట్టుమిషను టకటకలాడినట్టుంది. మంచివాటిలో ఒకే స్వరాన్ని నాలుగైదుసార్లు రికార్డు చేసి, మార్చి మార్చి పలికిస్తారట. అది వినగానే తేడా నాకే తెలిసిపోయింది.

తర్వాత వాడు కట్టిన వరస వినిపించాడు. బాకా ఎక్కడా ఆగడం లేదు.

"ఒరే, ఈయన ఊపిరి ఎప్పుడు పీల్చుకుంటాడ్రా?" అన్నాను.

వాడు తెల్లబోయాడు. నా చిన్నప్పుడు పెళ్ళి ఊరేగింపులో బాకా తాతయ్య బుగ్గలు పూరించి వాయించి, ఆగి, కండువాతో మూతి తుడుచుకునేవాడు. ఆ కాసేపు పక్కవాళ్ళు అందుకునేవారు. మేళం అందం ఆ ఆగడంలోనే ఉండేది. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా ఊపిరి విడిచే చోటు మనమే చూపించాలి.

చివరికి చిన్నదే కొన్నాం. మిగిలిన డబ్బులో కొంత పక్క ఊరి బ్యాండులో ట్రంపెట్ వాయించే ఆయనకిచ్చి, పై వరస ఆయన చేత వాయించమన్నాను. డీజేలొచ్చాక పిలిచేవాళ్ళే తగ్గిపోయారమ్మా అంటూ వచ్చాడాయన. గంటసేపు వాయించాడు. ఆ ఒక్క నిజం బాకా చేరగానే వెనకున్న సాఫ్ట్‌వేర్ బాకాలన్నీ నిజమైపోయాయి!

రికార్డింగులో ఆయన ఊపిరి తీసిన చప్పుడు వినపడుతోంది, తీసేస్తానన్నాడు మా వాడు.

ఉంచరా నాన్నా, అదే మన పెళ్ళి పాట అన్నాను.