దెబ్బల పద్దు

సినిమాల్లో మా సీమ కార్లు గాల్లోకి లేస్తాయి. తెల్ల సుమోలు వరసగా వచ్చి వరసగా పేలిపోతాయి. 2003లో 'ఒక్కడు' వచ్చినప్పటి నుంచీ కొండారెడ్డి బురుజు అనగానే బయటివాళ్లకు ఆ ఫైటే గుర్తొస్తుంది. కర్నూల్లో పెరిగిన నేను బురుజు దగ్గర చూసేది వేరే. ముందు పోతున్న ఆటో, చెయ్యెత్తిన మనిషి కోసం ఉన్నచోటే ఆగుతుంది. వెనక కారు దాన్ని తప్పించబోయి గుంతలో దిగుతుంది. ముందు ఎడమ చక్రం దగ్గర 'టక్'మని చిన్న చప్పుడు. ఎవరూ దిగరు, ఎవరూ తొడ కొట్టరు. ఆ టక్కు ఖరీదెంతో మూడు నెలల తర్వాత మెకానిక్కు చెబుతాడు. సీమలో కార్లు బాంబులకు పోవు, బుష్షులు అరిగి పోతాయి.

బుష్షంటే తెలియని అదృష్టవంతుల కోసం: చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనప చేయి ఒకటుంటుంది, లోయర్ ఆర్మ్ అంటారు. అది బండికి కలిసేచోట ఇనుముకు ఇనుము తగలకుండా ఒక రబ్బరు దిండు పెడతారు. అదే బుష్షు. గుంతలో పడ్డ దెబ్బను మొదట టైరు తీసుకుంటుంది. టైరు ఆపలేనిది రిమ్ముకు పోతుంది, అక్కణ్నుంచి షాక్ అబ్జార్బరుకు, లింక్ రాడ్డుకు, ఈ రబ్బరుకు. రబ్బరు చిట్లిన సంగతి వెంటనే తెలియదు. స్టీరింగు కొంచెం పక్కకు లాగుతుంటే రోడ్డే వాలుగా ఉందేమో అనుకుంటాం. ఈలోగా చక్రం కోణం తప్పి టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోతుంది. బయట నుంచి చూస్తే టైరు కొత్తదే.

ఇదంతా పుస్తకాల్లో చదివింది కాదు. మా చిన్నాయన కారు బాడుగకు తోలతాడు. ఆయన దగ్గర పొడుగాటి పద్దుల పుస్తకం ఒకటుంది. ఎడమ పేజీలో 'డీజిలు', కుడి పేజీలో 'దెబ్బలు'. డీజిలు పేజీలో తేదీ, లీటర్లు, రూపాయలు. దెబ్బల పేజీలో ఊరు, చోటు కూడా రాస్తాడు. "బళ్లారి చౌరస్తా దాటినాక, ఎడమ రిమ్ము." "కడప, ఏడురోడ్ల దగ్గర ఆటో, ఎడమ అద్దం." "నంద్యాల చెక్‌పోస్టు, వెనకనుంచి బైకు, డిక్కీ." ఎందుకు రాస్తావు చిన్నాయనా అని అడిగితే, "డీజిలు పోసినోడు బిల్లిస్తాడు. దెబ్బలకు బిల్లెవడిస్తాడు? అందుకే నేనే రాసుకుంటాండా" అన్నాడు.

కర్నూలు నుంచి కడపకు నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా దాదాపు 200 కిలోమీటర్లు. ఒకప్పుడు 18వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 40. నాలుగు వరసల రోడ్డు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్‌గేటు దగ్గర చిల్లర గొడవ కూడా పోయింది. ఆయన పుస్తకంలో ఈ 200 కిలోమీటర్ల మీద తగిలిన దెబ్బలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ఈ చివర నాలుగు కిలోమీటర్లు, ఆ చివర నాలుగు కిలోమీటర్లలో తగిలినవే. టోలు కట్టించుకునే రోడ్డు బండి జోలికి రాదు. టోలు లేని రోడ్డు మెకానిక్కు చేత వసూలు చేయిస్తుంది.

"మీకు వానలే పడవు గదా, రోడ్లెందుకు పోతాయి?" అని హైదరాబాదు స్నేహితులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. తారుకు శత్రువు నీళ్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే ఊళ్లలో రోడ్డు నిలవాలి. కానీ మా వాన ఏడాదంతా పరుచుకుని పడదు, నాలుగు సాయంత్రాల్లో కుమ్మరించి పోతుంది. కాలువ లేని వీధిలో ఆ నీళ్లు రోడ్డు మీదే నిలిచి పగుళ్లలోంచి లోపలికి దిగుతాయి. పైన చక్రం పడ్డప్పుడల్లా లోపలి మట్టిని కొంచెం కొంచెంగా కక్కుతాయి. పైన తారు పొర అట్లాగే ఉంటుంది, కింద బోలు. ఒకరోజు అది కూలుతుంది. దానికి తోడు ఆదోని వైపు, నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పత్తికీ శనగకూ అమ్మలాంటి నేల. రోడ్డును మాత్రం ఏటా ఒకసారి పైకెత్తి, ఒకసారి కిందికి దించుతుంది. ఇక బాగున్న రోడ్డును పైపుల కోసం తవ్వి, నాలుగు తట్టల మట్టి పోసి వెళ్లిపోయే కథ మీ ఊళ్లోనూ ఉంటుంది, దాన్ని వదిలేస్తున్నా.

లారీల సంగతి మాత్రం వదల్లేను. మీ వంటింటి అరలు నల్లటి బండతో కట్టి ఉంటే మీరు దాన్ని కడప బండ అనే పిలుస్తుంటారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల్లోంచి వచ్చిందై ఉంటుంది. ఆ బండలు, బేతంచెర్ల నాపరాళ్లు, ఎర్రగుంట్ల సిమెంటు, మంగంపేట ముగ్గురాయి, అన్నీ ఈ నేల కింది నుంచి తీసి ఈ నేల మీదుగానే మోయాలి. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావా దగ్గర ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటిమీద లారీలు తిప్పి, ఏ బరువుకు ఎంత పాడవుతాయో కొలిచారు. అక్కణ్నుంచి వచ్చిన లెక్క ఇంజనీర్లు ఇప్పటికీ వాడతారు. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు నష్టం రెండింతలు కాదు, దాదాపు పదహారింతలు. చిన్న కారు ఇరుసు మీద అర టన్ను, లారీ వెనక ఇరుసు మీద పది టన్నులు అనుకోండి. బరువు ఇరవై రెట్లు. ఇరవైని ఇరవైతో అట్లా నాలుగు ఇరవైలు గుణిస్తే 1,60,000. లారీ ఇరుసు ఒక్కసారి దాటితే కారు ఇరుసు లక్షా అరవై వేలసార్లు దాటినంత! మా చిన్నాయన ఈ జన్మలో ఎంత తిరిగినా రోడ్డును గీరను కూడా లేడు. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5కు పెంచింది. చూడ్డానికి పదమూడు శాతమే. పై లెక్కన నష్టం అరవై శాతం ఎక్కువ. అదీ పరిమితి లోపల పోయేవాళ్ల సంగతి. పెద్ద లారీలన్నీ బైపాసు మీదే పోతాయి అనుకున్నా, ఇల్లు కట్టేచోటికి ఇసుక టిప్పరు వీధిలోకి రావాల్సిందే.

డ్రైవర్ల తప్పు లేదా? బోలెడుంది. కాకపోతే గుంత కూడా డ్రైవరును తయారు చేస్తుంది. ఒక గుంత ఆర్నెల్లు అక్కడే ఉంటే రోజూ పోయేవాళ్ల చేతులకు అది అలవాటైపోతుంది. అద్దం చూడరు, సిగ్నలు వేయరు, ముప్పై అడుగుల ముందే బండి కుడికి కోసేస్తారు. ఆ గుంత సంగతి తెలియని కొత్తవాడు వెనకనుంచి వచ్చి గుద్దుతాడు. సి క్యాంపు దగ్గర ఒకచోట గుంత పూడ్చి చాలా కాలమైంది. ఇప్పటికీ జనం అక్కడ కుడికే తిప్పుతారు, లేని గుంతను తప్పించుకుంటూ.

అయినా అన్నీ గుంత మీదికి తోసేయను. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని తోలమని గుంత చెప్పలేదు. ఊళ్లో హైబీము వేసుకోమని, డివైడరు చుట్టూ తిరిగే బద్ధకానికి రాంగ్ రూట్లో ఎదురు రమ్మని చెప్పలేదు. వెనక హారన్ కొట్టుకుంటూ వచ్చేవాడికి దారి ఇవ్వాలంటే ఎడమకు జరగాలి. విరిగిన రోడ్డు అంచు, కుంగిన డ్రైనేజీ మూతలు ఉండేది అక్కడే. ఎడమ చక్రాలే ముందు పోవడానికి కారణం అదేనంటాడు మెకానిక్కు. గుద్దినవాడు దిగితే "ఏం కాలేదులే అన్నా" అని మొదట తనే తీర్పు చెప్పేస్తాడు. మరీ నిలదీస్తే ఐదొందలు చేతిలో పెట్టబోతాడు. టింకరింగు, పెయింటింగు ఐదొందలకు ఎవడు చేస్తాడో అడగకూడదు.

స్పీడు బ్రేకర్ల దగ్గర నాకు ఎటూ తేలదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అంటే కారు మెల్లగా ఎక్కి మెల్లగా దిగేంత. మా వీధి చివర ఉన్నది మూరెడు వెడల్పు కూడా లేని సిమెంటు గట్టు. ఐదుగురు కూర్చుంటే కారు కింద ఆయిల్ ఛాంబరు గీరుకుంటుంది. కానీ అది వేసింది ఏ కాంట్రాక్టరో కాదు, వీధివాళ్లే. ఒక పిల్లాణ్ని బైకు గుద్దిన మర్నాడు రాత్రి చందాలేసుకుని పోశారు. పిల్లాడు బతికాడు. ఆ గట్టు ఎక్కినప్పుడల్లా తిట్టుకుంటాను, తీసేయమని మాత్రం అడగలేను.

మరి ఇన్సూరెన్సు ఉంది గదా అంటారు. ఒకరోజు కూర్చుని నా కారు పాలసీ మొత్తం చదివాను. వాడకం వల్ల జరిగిన అరుగుదల దాని కిందికి రాదు, బుష్షు పని అక్కడికే అయిపోయింది. టైరు ఒక్కటే పగిలితే రాదు, టైరుతో పాటు బండికి కూడా దెబ్బ తగిలి ఉండాలి, అప్పుడూ సగమే. రబ్బరు, ప్లాస్టిక్కు భాగాలకు సగం ధర కోత. చిన్న కారుకైతే మొదటి వెయ్యి మనదే. క్లెయిము చేసిన పాపానికి, 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 దాకా చేరే నో క్లెయిమ్ బోనసు మళ్లీ సున్నా. చట్టం వైపు చూద్దామా? 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 198ఎ సెక్షను చేర్చారు. రోడ్డు కట్టడంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. అదే సవరణలో ఎక్కువ బరువు వేసుకున్న లారీకి జరిమానా 20 వేలు, పైన ప్రతి టన్నుకూ రెండు వేలు. రిమ్ము వంగితే ఏమీ లేదు. నడుము పట్టేసినా ఏమీ లేదు.

చిన్నాయన బాడుగల్లో సగం ఆసుపత్రివి. కర్నూలు పెద్దాసుపత్రికి సీమ నలుమూలల నుంచీ వస్తారు. ఒకసారి నేనూ ముందు సీట్లో ఉన్నాను. వెనక, తుంటి ఆపరేషనై ఇంటికి పోతున్న ఆళ్లగడ్డ ముసలామె, ఆమె కూతురు. ఆసుపత్రి గేటు నుంచి నంద్యాల చెక్‌పోస్టు దాటేదాకా ఆయన ఇరవై మించి తోలలేదు. వెనక ఒకటే హారన్లు. ఒకడు పక్కకొచ్చి అద్దం దించి, "తోలేకి రాకపోతే ఇంట్లో ఉండు పెద్దాయనా" అని పోయాడు. ఈయన అటు చూడనే లేదు. ప్రతి గుంతకూ ముందే "అమ్మా, గుంతొస్తాంది" అని చెబుతున్నాడు. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని పళ్లు బిగిస్తోంది. కింద బుష్షు కిర్రుమంటోంది. "నీ కారు నాకంటే ఎక్కువ మూలుగుతాంది నాయనా" అందామె. హైవే ఎక్కిన కాసేపటికి నిద్రపోయింది. ఆ రోజు కుడి పేజీలో ఆయన ఏమీ రాయలేదు. బండికి కొత్త దెబ్బేదీ తగల్లేదు మరి.

ఆ బుష్షు పని పోయిన నెల తేల్చక తప్పలేదు. ఫైనాన్సు కంతులు ఇంకా ఏడున్నాయి. బండి పైకెత్తి చూసి మెకానిక్కు రెండు పక్కలా మార్చాలన్నాడు. కంపెనీవైతే రెండేళ్లు చూసుకోనక్కర్లేదు, లోకల్‌వి సగం ధరకే వస్తాయి గానీ ఆర్నెల్లకు గ్యారంటీ ఇవ్వలేను అన్నాడు. చిన్నాయన జేబులోంచి పుస్తకం తీసి కుడి పేజీలు నాలుగైదు తిప్పాడు.

"ఎడమకు కంపెనీది ఎయ్. కుడికి లోకల్‌ది చాలు."

"అట్ల ఎయ్యగూడదన్నా. రెండు పక్కలా ఒకటే ఉండాల."

"గుంతలు రెండు పక్కలా ఒకటే ఉండాయా భాయ్?"

భాయ్ నవ్వి, జాకీని ఎడమ పక్కకు లాగాడు.